భద్రమ్మ బొమ్మలకు నూరేళ్లు నిండిన వైనం

ఒక వస్తువు పాతదో కొత్తదో తేల్చే పని ఒకప్పుడు మా ఊళ్లో పాత సామాన్లవాడిది. ఇనుమైతే తూకం వేసేవాడు, ఇత్తడైతే గీకి చూసేవాడు, మిగతావాటికి ఉల్లిపాయలిచ్చేవాడు. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. తరవాత ఆ పని ప్రభుత్వం తీసుకుంది.

నా భార్య భద్రమ్మకు బొమ్మలంటే పిచ్చి. పాతకాలపు బొమ్మలు కాదు, అచ్చం పాతకాలపు బొమ్మల్లా ఉండే కొత్త బొమ్మలు. మా వీధి మలుపులో రేకుల షెడ్డు వేసుకుని లింగబాబు అనే కుర్రవాడు చేస్తాడు. ఎర్ర తలపాగా జవాను, గొడుగు పట్టిన దొరసాని, పల్లకీలో పెళ్లికూతురు, బొజ్జ మీద చెయ్యి వేసుకున్న శెట్టిగారు. కర్రను చెక్కి, రంగులు వేసి, ఆ రంగులు వెలిసిపోయినట్టు మళ్లీ రుద్దుతాడు. కొత్తగా కనిపిస్తే ఈ రోజుల్లో ఎవరూ కొనరట.

భద్రమ్మ చిన్నప్పుడు వాళ్లమ్మతో దివాణంలో దసరా కొలువు చూడటానికి వెళ్లింది. దొరసాని బొమ్మ మీద వేలు పెట్టబోతే అక్కడి ముసలావిడ విసనకర్రతో చేతిమీద ఒకటి వేసి, "చూడ్డానికేనే, ముట్టుకోడానికి కాదు" అందట. పెళ్లయిన తరవాత భద్రమ్మ అవే బొమ్మల నకళ్లు ఒక్కొక్కటిగా కూడబెట్టి తనే కొలువు పెట్టడం మొదలుపెట్టింది. ఆమె కొలువుకి నియమం ఒక్కటే. వీధిలో పిల్లలెవరైనా ఏ బొమ్మనైనా ముట్టుకోవచ్చు, చంకనెత్తుకోవచ్చు, ఒళ్లో పడుకోబెట్టుకుని జోకొట్టవచ్చు.

పిల్లలు ముట్టుకుంటే బొమ్మలకు ముక్కులుండవు. అందుకని ఏటా దసరా ముందు ముక్కులు పెట్టే పని నాది. చింతగింజల పొడి, రంపపు పొట్టు ముద్దలా కలిపి అంటిస్తాను. నా చేతికి ఒకటే ముక్కు వస్తుంది. జవానుకైనా దొరసానికైనా అదే. "అది మీ నాయన ముక్కే" అంటుంది భద్రమ్మ. నేను కాదనను. ఆరాక రంగు వేస్తాను. కొత్త రంగు పాత రంగులో కలిసిపోవడానికి పైన టీ డికాక్షను పూసి, కొబ్బరిపీచు పొగ పెడతాను.

ఆ ఏడు కూడా అలాగే ముక్కులు పెట్టి, పొగపెట్టి, బొమ్మలన్నిటినీ మా మంచం మీద పరిచి ఆరబెట్టాను. అప్పుడే ప్రభుత్వానికి పాతదనం మీద ప్రేమ పుట్టింది.

మా ఊళ్లో ప్రాచీన వస్తు గౌరవ మండలి అని ఒక ఆఫీసు తెరిచారు. కొత్త భవనమే, కానీ గోడలకు పెచ్చులూడినట్టు ఖర్చుపెట్టి రంగు వేయించారు. ఉపసంచాలకులుగా విశ్వంభరరావు గారు వచ్చారు. మర్నాడే ఆటోకి మైకు కట్టి ఊరంతా తిప్పారు.

"యావన్మంది ప్రజానీకానికి తెలియజేయునది ఏమనగా! పరీక్ష నిమిత్తం పంపిన వస్తువులు తిరిగి వచ్చునాటికి కొత్తవి సైతం పాతబడిపోవుచున్నందున, ఇకమీదట పరీక్షలు రద్దుపరచడమైనది. చూపునకు నూరేళ్లు దాటినట్లు అగుపించు ప్రతి వస్తువూ నూరేళ్లు దాటినదిగానే భావింపబడును!"

"మంచిదే కదా, మనకేంటి" అంది భద్రమ్మ, వంకాయలు కోస్తూ.

ఇల్లిల్లూ చూసుకుంటూ మధ్యాహ్నానికి విశ్వంభరరావు గారు మా గుమ్మంలో ఉన్నారు, కళ్లజోడు, సఫారీ సూటు, చంకలో ఫైలుతో. వెనక నూకరాజు అనే హోంగార్డు, చేతిలో ఎర్ర రిబ్బను చుట్ట. విశ్వంభరరావు గారు మంచం మీది బొమ్మలు చూసి చెప్పులు విడిచారు.

"ఇవి ఎక్కడివమ్మా?"

"మా లింగబాబు చేసినయ్యండీ. అదుగో, ఆ మలుపులో రేకుల షెడ్డు. కేకేత్తే పలుకుతాడు. పిలవమంటారా?"

"తొందరపడకండి. వస్తువును గురించి వస్తువే చెప్పవలెను. యజమాని చెప్పరాదు. అది మండలి విధానం." ఆయన భూతద్దం తీసి దొరసాని మీదికి వంగారు. "వర్ణక్షయం... ఆహా. ధూమలేపనం... ఆహాహా!"

నేను సాధారణంగా మాట్లాడను. అప్పుడు మాట్లాడాను. "ఆ పొగ నిన్న నేనే పెట్టానండి."

విశ్వంభరరావు గారు నన్ను గౌరవంగా చూశారు. నూకరాజు వైపు తిరిగి, "రాసుకో. ఈ గృహమందు ధూమ సంప్రదాయం నేటికీ సజీవముగా నున్నది" అన్నారు.

మంచం చుట్టూ ఎర్ర రిబ్బను కట్టేశారు. ముట్టరాదు, కదపరాదు, తుడవరాదు, రంగు పూయరాదు.

"దసరాకి కొలువు పెట్టుకోవాలి బాబూ!" అంది భద్రమ్మ.

"కొలువు పెట్టబడే ఉన్నది గదమ్మా, మంచం మీద."

"పిల్లలొత్తారండీ. ముట్టుకుంటారు."

"పిల్లలను నివారించవలసి యుండును" అన్నారు విశ్వంభరరావు గారు చాలా మెత్తగా. "వారు దూరం నుండి దర్శించవచ్చును. దర్శనమే స్పర్శనం."

భద్రమ్మ, విసనకర్ర దెబ్బ ఇప్పుడే తగిలినట్టు, చెయ్యి రుద్దుకుంది.

ఆ రోజు నుంచి మేము వరండాలో చాప మీద పడుకున్నాము. మంచం ప్రాచీన వస్తువులకు ఆధారపీఠం కాబట్టి అది కూడా ప్రాచీనమే. నూకరాజు గుమ్మంలో స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాడు. మనిషి మంచివాడు. పిల్లలు కిటికీ ఎక్కి చూస్తూంటే, "దిగండ్రా, నా ఉద్యోగం ఊడగొడతారు" అని బతిమాలేవాడు.

మళ్లీ వచ్చినప్పుడు విశ్వంభరరావు గారు వంటింటి వైపు ముక్కు ఎగబీల్చారు. "ఈ వాసన?"

"ములక్కాడ సాంబారండీ."

"మొదటి దినమున వేరే వాసన కదా?"

"ఆ రోజు వంకాయా ఎండు రొయ్యలండీ."

ఆయన ముఖం ఎర్రబడింది. "అమ్మా, ఈ వర్ణములు ఏ వాతావరణమందు నిలిచినవో ఆ వాతావరణము యథాతథముగా కొనసాగవలెను. లేనిచో పొరలు రాలిపోవును. ఇక మీదట వంకాయ, ఎండు రొయ్యలే వండవలెను."

"ఎన్నాళ్లండీ?"

"శాశ్వతముగా."

ఆ విధంగా మా ఇంట్లో రోజూ వంకాయా ఎండు రొయ్యల కూర మొదలయింది. కూర మాకెంతో నూకరాజుకీ అంతే. భద్రమ్మ తినకుండా ఎవరినీ గుమ్మంలో కూర్చోనివ్వదు.

"పిన్నిగారూ, రేపన్నా కాత్త పప్పుచారు..."

"మీ సారునడగరా నాయనా."

"నాకు రొయ్యలు పడవండి. ఒళ్లంతా దద్దుర్లు."

"గోక్కోకు మరి. దద్దుర్లు కూడా వాతావరణంలోయ్యేనంటాడు మీ సారు."

నాకు గడ్డం చేయడానికి వచ్చిన మంగలిని కూడా నూకరాజు తలుపు దగ్గరే ఆపాడు. సారుకి ఫోను చేసి అడిగి, సిగ్గుపడుతూ వచ్చి చెప్పాడు. "ఏమీ అనుకోకండి. గడ్డం యథాతథంగా కొనసాగాలంటండి. అది కూడా పాతగానే ఉంది కదా అన్నారు."

భద్రమ్మ ఇక ఊరుకోలేదు. లింగబాబును రెక్క పట్టుకుని ఆఫీసుకు తీసుకుపోయింది. వెనక నేను, నా గడ్డం.

"ఇదుగోండి, ఈడే. ఈడే చేశాడు" అంది భద్రమ్మ, విశ్వంభరరావు గారి బల్ల ముందు లింగబాబును నిలబెట్టి. "చెప్పరా!"

"చిత్తం. నేనే చేశానండి" అన్నాడు లింగబాబు. "పీఠం అడుగున నా సెల్లు నంబరు కూడా ఉంటాదండి, మళ్లీ ఆర్డరు ఇత్తారని."

"చూచితిని. అంకెలు స్పష్టముగా నున్నవి. భావము తెలియక కేంద్ర కార్యాలయమునకు పంపితిని."

"ఓసారి కొట్టి చూడండి."

విశ్వంభరరావు గారు అనుమానంగానే తన ఫోనులో ఆ అంకెలు నొక్కారు. లింగబాబు జేబులో ఫోను మోగింది. భద్రమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. విశ్వంభరరావు గారు నిబంధనల పుస్తకం తెరిచి, చదివి, మూశారు.

"నిబంధన స్పష్టముగా నున్నది. కళాకారుడు జీవించి యుండగా అతని కృతి ప్రాచీనము కానేరదు."

"హమ్మయ్య" అంది భద్రమ్మ.

"కృతి ప్రాచీనమని ప్రకటన ఇదివరకే వెలువడినది. ప్రకటన వెనుకకు తీసికొనుటకు నిబంధనలలో తావు లేదు. కావున..." ఆయన లేచి నిలబడ్డారు. "లింగబాబు గారూ, మండలి దృష్టిలో మీరు గతించితిరి."

"నేనాండీ?"

"విచారింపకుడు. గౌరవప్రదముగానే గతించితిరి."

లింగబాబు గోడకు ఆనుకున్నాడు. "ఎప్పుడండీ?"

"నూరేళ్లకు పూర్వమే. మీకు నొప్పి తెలిసి ఉండదు."

భద్రమ్మ నోటికి వచ్చిందంతా అంది. అదంతా ఇక్కడ రాయడం మర్యాద కాదు. విశ్వంభరరావు గారు ఓర్పుగా విని, ఆవేదన నమోదు చేయబడునని చెప్పారు.

ఆ వారమే మండలివారు దివంగత లింగబాబు గారికి మరణానంతర పురస్కారం ప్రకటించారు. తీసుకోవడానికి వారసులెవరూ రాకపోవడంతో లింగబాబే వెళ్లి శాలువా కప్పించుకున్నాడు. సభలో ఆయన లేని లోటు ఎవరూ తీర్చలేరని ముగ్గురు మాట్లాడారు. లింగబాబు ముందు వరసలో కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు.

"ఏరా, సిగ్గులేదా?" అంది భద్రమ్మ, శాలువాతో ఇంటికి వస్తే.

"ఏం చేయమంటావు పిన్నీ! బతికుండగా నన్ను ఒక్కడన్నా మంచోడన్నాడా?"

దసరా దగ్గరపడింది. పిల్లలు రోజూ బడి నుంచి వస్తూ కిటికీ దగ్గర ఆగేవారు. మా ఎదురింటి పావని అనే పిల్ల ఊచల్లోంచి చెయ్యి బాగా చాచేది. దొరసాని గొడుగుకి బెత్తెడు దూరంలో ఆగిపోయేది. నూకరాజు తల తిప్పుకునేవాడు. భద్రమ్మ అది చూసి, చేతిలో వంకాయ కింద పడేసి, మళ్లీ ఆఫీసుకు బయలుదేరింది. వెనక నేను, శాలువా కప్పుకుని లింగబాబు.

ఈసారి ఆమె గట్టిగా మాట్లాడలేదు. "మీ బొమ్మలు మీరే అద్దాల్లో పెట్టుకోండి బాబూ. మా పిల్లలు ముట్టుకోడానికి ఏదో ఒకటి చూపించండి" అంది.

విశ్వంభరరావు గారి కళ్లు మెరిశాయి. బల్ల సొరుగులోంచి ఒక ఉత్తర్వు బయటికి వచ్చింది. "ప్రజా స్పర్శానుభవ పథకం! నిధులున్నవి. ఇంతవరకు స్పర్శించువారే దొరకలేదు. అమ్మా, అసలు ప్రతిమలు ప్రదర్శనశాలకు తరలింపబడును. వాటికి అధీకృత నకళ్లు చేయించి మీకు అందజేయబడును. నకళ్లను యథేచ్ఛగా ముట్టుకొనవచ్చును."

"నకళ్లెవరు చేత్తారండీ?"

"దివంగత లింగబాబు గారి శైలిని అనుకరింపగల వ్యక్తిని అన్వేషించవలె."

తలుపు పక్కన శాలువా కదిలింది. "నాకు కొద్దిగా అలవాటుందండి" అన్నాడు లింగబాబు.

విశ్వంభరరావు గారు అతన్ని ఎగాదిగా చూసి నమూనా చేసి తెమ్మన్నారు. లింగబాబు నిద్రాహారాలు మాని ఒక దొరసానిని చేశాడు. అంత ముద్దయిన దొరసానిని ఎన్నడూ చేయలేదు. విశ్వంభరరావు గారు దాన్ని తిప్పి చూసి పెదవి విరిచారు.

"ప్రయత్నము మెచ్చదగినదే. కాని ఆ మహానుభావుని చేతిలోని జీవము మీ చేతికి రాలేదు. ఐనను, నకలే కదా, పోనిండు."

లింగబాబు మా ఇంటికొచ్చి వరండాలో కూలబడ్డాడు. "చచ్చిపోయినోడితో పోటీ పడలేకపోతన్నాను బాబాయ్" అన్నాడు నాతో. నేను అతనికి కూర పెట్టాను. ఇంకేముంది పెట్టడానికి?

చివరికి నకళ్లన్నీ తయారయ్యాయి. వాటికి కూడా అదే పొగ తగలాలి కాబట్టి లింగబాబు మా ఇంటికే తెచ్చాడు. ధూమ సంప్రదాయ నిపుణుడిగా నన్ను నియమించారు. నేను ఎప్పటిలాగే డికాక్షను పూసి పీచు వెలిగించాను. విశ్వంభరరావు గారు తెల్ల చేతి తొడుగులు వేసుకుని స్వయంగా వచ్చారు. రిబ్బను విప్పించి, అసలు పక్కన నకలు పెట్టి భూతద్దంతో పోల్చసాగారు. జవాను పక్కన జవాను. శెట్టిగారి పక్కన శెట్టిగారు. ఇది ఎత్తి అక్కడ, అది ఎత్తి ఇక్కడ. "అద్భుతం" అనుకుంటూ ఇంకొకటి ఎత్తారు.

అప్పుడు కేంద్ర కార్యాలయం నుంచి ఫోను వచ్చింది. ఆయన వరండాలోకి వెళ్లి "చిత్తం, చిత్తం" అని చాలాసేపు మాట్లాడి తిరిగి వచ్చారు. మంచం వైపు చూశారు. ఇంకోసారి చూశారు.

"నూకరాజూ, ఏవి ఏవి?"

"నేను గుమ్మం బయట చూత్తానండి. లోపల చూడొద్దన్నారు కదండి తమరు."

బయట వ్యాను వచ్చి ఆగింది. ప్రదర్శనశాలలో అద్దాల బీరువాలు ఎదురుచూస్తున్నాయి. విశ్వంభరరావు గారు చేతి తొడుగులు తీసి, పెట్టుకుని, మళ్లీ తీశారు. ఆయన గొంతు మామూలు మనిషి గొంతులా అయిపోయింది.

"అమ్మా... మీకేమన్నా గుర్తుందా, ఏవి అసలువో?"

భద్రమ్మ మంచం దగ్గరికి వెళ్లింది. మంచం మీద సగం బొమ్మలకు లింగబాబు చెక్కిన సన్నటి తీరైన ముక్కులున్నాయి. తక్కిన సగానికి మా నాయన ముక్కుంది. భద్రమ్మ ఒక్కొక్క బొమ్మ ముఖం చూస్తూ, ఏమీ తొందర లేనట్టు మంచం చుట్టూ తిరిగింది.

"ఇందులో తెలవకపోడానికేముందండీ" అంది. "ఈ తీరైన ముక్కులయ్యి అసలుయ్యి. పాతకాలపోళ్ల పనితనం చూడండి, కత్తికోసలాగున్నాయి. ఈ బండ ముక్కు మొహాలు నకళ్లండి."

విశ్వంభరరావు గారు తీరైన ముక్కున్న దొరసానిని చేతిలోకి తీసుకున్నారు. మొన్న పెదవి విరిచిన దొరసాని అదే. దాన్ని వెలుతురుకు పెట్టి కళ్లు ఒత్తుకున్నారు.

"నేనూ అదే అనుకుంటిని. ఈ జీవము! ఈ జీవము ఎక్కడికి పోవును! నకలు ఎంత తంటాలు పడినను ముక్కు వద్ద పట్టుబడిపోవును."

లింగబాబు నోరు తెరిచాడు. చచ్చినవాడు మాట్లాడకూడదని గుర్తొచ్చింది కాబోలు, మూసేశాడు. ముఖం మాత్రం వెలిగిపోతూంది.

తీరైన ముక్కులన్నీ దూదిలో చుట్టుకుని వ్యానెక్కి వెళ్లిపోయాయి. బండ ముక్కులవాళ్లందరికీ వీపు మీద ఊదారంగు ముద్ర వేశారు: "నకలు. ముట్టుకొనవచ్చును." మంచం మాకు తిరిగి వచ్చింది. ఆ సాయంత్రం భద్రమ్మ పప్పుచారు పెట్టింది. నూకరాజు ఏడ్చినంత పనిచేశాడు.

దసరాకు మెట్లు కట్టి, తెల్ల దుప్పటి పరిచి కొలువు పెట్టాము. ఏటా కొలువులోకి ఒక కొత్త బొమ్మ రావాలని ఆనవాయితీ. ఆ ఏటి బొమ్మ లింగబాబు గుడ్డలో చుట్టి తెచ్చి, ఎవరూ చూడకుండా కింది మెట్టు మీద పెట్టాడు. వీధి పిల్లలంతా వచ్చి బొమ్మల మీద పడ్డారు. పావని దొరసానిని ఎత్తుకుని ఎవరికీ ఇవ్వనంది. భద్రమ్మ వాళ్ల మధ్య నేల మీద కూర్చుని, ఎవరేం అడిగితే అది అందిస్తూంది.

స్పర్శానుభవ పథకానికి ఫోటో కావాలి గనుక విశ్వంభరరావు గారు ముఖ్య అతిథిగా వచ్చారు. పిల్లల్ని తప్పించుకుంటూ మెట్ల వెంట నడిచి, కొత్త బొమ్మ ముందు ఆగారు. కళ్లజోడు, సఫారీ సూటు, చంకలో ఫైలు. మెడలో స్ప్రింగు. పిల్లలు వేలితో తట్టినప్పుడల్లా అడిగినదానికల్లా సరేనన్నట్టు తల ఊపుతూంది.

"ఇతడెవరు?" అన్నారు.

వీధి ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. లింగబాబు దివంగతుడు గనుక పలకలేదు. నూకరాజు పైకప్పు చూశాడు. భద్రమ్మ నాకేసి చూసింది.

"పాతకాలం ఆఫీసరండి" అన్నాను.

"ఆహా!" విశ్వంభరరావు గారు కళ్లజోడు సవరించుకున్నారు. "ఆ వినయము చూడుడు. ఈ కాలమున అట్టివారు ఎక్కడ?"

ఆయన వేలు చాచారు. అలవాటు లేని చెయ్యి కాబట్టి గాలిలోనే ఆగిపోయింది. భద్రమ్మ ఆ చెయ్యి పట్టుకుని బొమ్మ నెత్తిన పెట్టింది. "ముట్టుకోండి బాబూ. ఇక్కడెవరూ ఏమనరు."

తల ఊగింది. విశ్వంభరరావు గారు ఉలిక్కిపడి చెయ్యి తీసేశారు. అటూ ఇటూ చూసి మళ్లీ తట్టారు. మళ్లీ ఊగింది. ఆయన మోకాళ్ల మీద కూర్చున్నారు.

"సారూ, జరగండి" అంది వెనక నుంచి పావని. "ఇక్కడ లైనుంది."

ఆయన జరగలేదు. ఇంకోసారి తట్టారు.